మోరీ కింది శాసనం

మూడు రాష్ట్రాలు కలిసే చోట, కృష్ణగిరి పక్కనున్న వేప్పనపల్లి చుట్టుపక్కల పది పన్నెండు పల్లెల్లో ఏ బండ ఎక్కడుందో, ఏ రాయి ఏ వాలున పగులుతుందో నాగేశప్పకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అదేమీ చదువుకుని వచ్చిన తెలివి కాదు. తాత రాయి కొట్టాడు, నాయన రాయి కొట్టాడు, పన్నెండో ఏట అతని చేతికీ ఉలి వచ్చింది. మామిడితోటల చుట్టూ పాతే రాతి కూసాలు, ఇళ్ళకు పునాదిరాళ్ళు, గడపబండలు, రుబ్బురోళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా అవే. బండ మీద వరసగా చిన్న గుంతలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దించి, ఒక్కొక్కదాన్నీ సమ్మెటతో తట్టుకుంటూ పోతే లోపలెక్కడో టుప్పున చిన్న చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినబడిందంటే రాయి లొంగినట్టే.

తరవాత గుట్టల మీదికి తీగలతో కోసే మిషన్లు వచ్చాయి. తోటలకు సిమెంటు కూసాలు వచ్చాయి. రుబ్బురోలు ఎవరికీ అక్కర్లేకపోయింది. యాభై దాటేసరికి నాగేశప్పకు పని లేదు. భార్య కెంపమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది. కూతురు చిత్ర హోసూరులో ఏదో కంపెనీలో చేరి అక్కడే హాస్టల్లో ఉండేది. అతను మాత్రం పొద్దెక్కేదాకా అరుగు మీద కూర్చుని, పనిముట్ల సంచి వైపు చూసి, మళ్ళీ వీధి వైపు చూసి, అట్లాగే పొద్దు గడిపేవాడు.

అట్లాంటప్పుడు సుమ వచ్చింది.

డెంకణికోట వైపు గొర్రెలు కాసుకునే ముత్తప్ప కూతురు. వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటిందే ఆ పిల్ల ఒక్కతె. ఎమ్మే చదివి, వీరగల్లుల మీద పరిశోధన చేస్తోంది. పశువుల కోసమో ఊరి కోసమో పోట్లాడి చచ్చిపోయినవాళ్ళ పేరిట పూర్వం నిలబెట్టిన రాళ్ళు అవి. కత్తి ఎత్తిన వీరుడి బొమ్మ ఉంటుంది, కొన్నింటి మీద నాలుగు పంక్తుల శాసనమూ ఉంటుంది. టీ అంగడి దగ్గర ఎవరో "రాళ్ళ సంగతంటే నాగేశప్పనే అడగల్ల" అన్నారని స్కూటర్ మీద నేరుగా ఇంటికే వచ్చింది.

"మామా, ఈ పక్క రాళ్ళన్నీ మీకు తెలుసంట."

"రాళ్ళు తెలుసమ్మా. రాతలు తెలీదు."

"రాతలు నేను చూసుకుంటాను. రాళ్ళు మీరు చూపించండి, సాలు."

ఆ మాటకు నాగేశప్ప నవ్వాడు. అతను నవ్వి చాలా రోజులైందని లోపల రాగులు చెరుగుతున్న కెంపమ్మకు తెలుసు.

మరుసటి రోజు నుంచి ఇద్దరూ తిరిగారు. చేలగట్ల మీద, ముళ్ళకంపల్లో, గుట్టల వెనక. శాసనానికి అచ్చు తీయడం సుమే నేర్పింది. రాయి శుభ్రంగా కడగాలి. తడి కాగితం పరచాలి. గట్టి కుచ్చు బ్రష్షుతో కొట్టి కొట్టి కాగితాన్ని అక్షరాల గాళ్ళలోకి దించాలి. కొంచెం ఆరినాక నల్లమసి అద్దిన గుడ్డ ఉండతో మెల్లగా తట్టాలి. మసి పైన అంటుతుంది, లోతున్న చోట అంటదు. నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు లేచి వస్తాయి. సుమ కొడితే కాగితం చిరిగేది. నాగేశప్ప కొడితే చిరగదు. ఎక్కడ ఎంత బలం పెట్టాలో ఆ చేతికి పుట్టుకతోనే తెలుసు. నాలుగు నెలలు తిరిగేసరికి అక్షరాలు కూడా గుర్తుపట్టసాగాడు. చదవడం రాకపోయినా "ఇది మొన్న చూసిన 'క' కదమ్మా, ఈడ తల కొంచెం వంచినాడు. ఈ రాయి చెక్కినోడు ఎడమచేతివాటం" అనేవాడు. సుమ నోరు తెరుచుకుని వినేది. ఆ మాటలు నోట్‌బుక్‌లో రాసుకునేది.

ఆ తరవాతే అంజనప్ప అనే రైతు కబురు పంపాడు. తన చేనులో పొలిమేర దగ్గర ఒక రాయి ఉందని, దానికి ఏటా పసుపు పూస్తామని, వచ్చి చూడమని.

చేను దగ్గరికి పోయేవరకూ నాగేశప్పకు ఏమీ గుర్తు రాలేదు. సుమ నీళ్ళు పోసి పసుపు కడుగుతుంటే వంగి చూశాడు. రాయి మనిషి నడుమెత్తే ఉంది. పైన కత్తి ఎత్తిన మనిషి, పక్కన రెండు ఆవులు, కింద రెండు పంక్తుల రాత. మొదట్లో మట్టి తీసి చూస్తే, ఆ రాత కింద రాయి అడ్డంగా తెగిపోయి ఉంది. తెగిన అంచు పొడవునా ఎనిమిది అరగుంతలు, నాలుగేసి వేళ్ళ ఎడంలో ఉన్నాయి. నాయన జానెడు ఎడం పెట్టేవాడు. ఈ చుట్టుపక్కల నాలుగు వేళ్ళ ఎడం పెట్టేది ఒక్క నాగేశప్పే.

అంచు తడిమి, నాలుగు వేళ్ళూ ఆ ఎడంలో ఆనించి చూసుకున్నాడు.

ఆ రాయి కొట్టేనాటికి అతనికి పెళ్ళయి ఏడాది. కుప్పం రోడ్డు మలుపులో కాలవ మీద పంచాయతీవాళ్ళు మోరీ కడుతూ, పైన పరవడానికి మూడు పెద్ద బండలు కావాలన్నారు. అంజనప్ప నాయన తన చేనులో బోర్లాపడి ఉన్న బండను తీసుకుపొమ్మన్నాడు. తిప్పి చూస్తే బొమ్మ. నాగేశప్ప నాయన చెప్పులు విడిచి, ఆ బొమ్మకు చేతులెత్తి మొక్కాడు. "దేవుడి మొగం కొట్టకూడదురా. బొమ్మ ఉండే సగం ఈడే నిలబెట్టేస్తాము. కింది సగంలో ఉత్త గీతలే కదా, అది తీసుకుందాము" అన్నాడు. బొమ్మను మొక్కారు, రాతను పగలగొట్టారు. కింది సగాన్ని మూడు బండలుగా చీల్చి, అక్షరాలున్న వైపు కిందికి పెట్టి, నున్నగా ఉన్న వైపు మీద జనం నడిచేలా మోరీకి పరిచారు. ఇప్పుడు నాయన లేడు. అంజనప్ప నాయనా లేడు. ఆ రోజుల్లో అంజనప్ప బెంగళూరులో పని చేస్తుండేవాడు, అతనికేమీ తెలియదు.

సుమ మోకాళ్ళ మీద కూర్చుని అక్షరాల వెంట వేలు జరుపుతూ చదివింది. మొదట మెల్లగా, తరవాత గబగబా చదివింది. చటుక్కున తలెత్తి "మామా! ఇది తెలుగు!" అంది.

ఆ పక్క ఆమె చూసిన పాత వీరగల్లులన్నీ తమిళంలోనో కన్నడంలోనో ఉన్నవే. ఇది మాత్రం పాత తెలుగు. మారయ కొడుకు బయిరయ ఆవుల కోసం పొడిచి చచ్చాడని ఉంది. రెండో పంక్తి చివర 'శకవర్ష' అని మొదలై, అక్కడికి రాయి తెగిపోయింది. ఏ సంవత్సరమో, ఎవరి పాలనో, ఏ ఊరో, అంతా కింది సగంలో ఉంది.

"ఆ సంవత్సరం ఒక్కటి దొరికితే, మన పక్క తెలుగు ఎన్ని వందల ఏండ్ల నుంచి ఉండాదో చెప్పొచ్చు మామా. మా నాయన మాట్లాడే మాటను అందరూ అరవ తెలుగు, కన్నడ తెలుగు అని ఎగతాళి చేస్తారు. ఇదే ఊరి మాట అని రాసి చూపించొచ్చు." అంచును తడిమి చూసింది. "ఎవరో పని తెలిసినోళ్ళే కొట్టినారు ఇది. ఎప్పుడు కొట్టుంటారు మామా?"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల మొహంలో వెలుగు చూశాడు, అంజనప్ప పక్కనే నిలబడి ఉండటం చూశాడు.

"ఎప్పుడో పాతకాలంలో కొట్టుంటారమ్మా," అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాట. తరవాత జరిగినదంతా ఆ మాటకు కాపలా కాయడమే.

రెండేళ్ళు వెతికారు. సుమ లెక్క ప్రకారం అంత మంచి బండను ఎవరూ ఊరికే పారేయరు, ఏ బావిమెట్టులోనో గడపలోనో పెట్టి ఉంటారు. ఊరూరా తిరిగి బట్టలుతికే బండలు, పశువుల కొట్టాల్లో పరిచిన రాళ్ళు, పాడుబడ్డ బావుల మెట్లు చూశారు. గడ్డపారతో రాళ్ళు తిరగేసేది నాగేశప్పే. ఇది కాదని తెలిసి తిరగేసేవాడు. తిరగేసిన ప్రతిసారీ సుమ ముందుకు వంగి చూసేది. ప్రతిసారీ "కాదు మామా" అని నోట్‌బుక్‌లో కొట్టేసుకునేది. ఒకసారి పాతబావిలోకి దిగి పాచిమెట్టు మీద జారి కాలు బెణికించుకుంది. వీపు మీద మోసుకుని పైకి తెచ్చాడు. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా ఆమె నవ్వుతూనే ఉంది. "రెండో సగం దొరికినాక ఈ కాలునొప్పి సంగతి కూడా థీసిస్‌లో రాస్తాను మామా." ఆ రాత ఏ మోరీ కింద ఉందో తెలిసిన మనిషి ఆమెను మోస్తున్నాడు.

ఈ మధ్యలోనే ఊళ్ళో అతని పేరు మారింది. రాళ్ళు కొట్టే నాగేశప్ప పోయి శాసనాల నాగేశప్ప అయ్యాడు. కృష్ణగిరిలో ఒక కాలేజీ సెమినార్‌కు సుమ అతన్ని తీసుకుపోయింది. స్టేజీ ఎక్కించి పిల్లల ముందు అచ్చు తీయించింది. "ఈయన రాళ్ళను కాపాడే మనిషి" అని మైకులో చెప్పింది. మూడు వందల మంది చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్ళు సమ్మెట పట్టినా ఎవరూ అతనికి చప్పట్లు కొట్టలేదు. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ, ఇక ఈ జన్మకు చెప్పలేననుకున్నాడు.

కెంపమ్మకు మాత్రం తెలుసు. కొత్త కోడలిగా ఆ రోజుల్లో చేనుకు సంగటి మోసుకుపోయింది ఆమే.

"ఆ మోరీ బండలు ఆ చేనులోవే కదా," అంది ఒక రోజు, పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండానే.

"ఊఁ."

"పాపం ఆ పిల్ల ఎండలో పడి తిరగతా ఉండాది. చెప్పేయరాదా?"

"చెప్తాను."

"చెప్తాను చెప్తాను అని రెండు మామిడికాలాలు పోయినాయి. నువ్వేమన్నా కావాలని చేసినావా? తెలీక చేసినావు."

"కొట్టేటప్పుడు తెలీదు. ఇప్పుడు తెలుసు కదే," అన్నాడు నాగేశప్ప. "ఇప్పుడు చెప్పకపోయేది తెలిసే చేస్తా ఉండాను."

ఆ మాట అన్నాక అతనికే భయం వేసింది. మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు, కాలవలోకి దిగాడు. నడుము వంచి మోరీ కిందికి దూరాడు. మోకాళ్ళ లోతు మురికినీళ్ళు. తల మీద బండలు, బండల నిండా పాచి. గోళ్ళతో పాచి గీకి వేళ్ళు ఆనించాడు. ఉన్నాయి. అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆరు పంక్తులు లెక్కపెట్టాడు. ఎన్నాళ్ళ కిందటో 'ఉత్త గీతలు' అనుకున్నవి ఇప్పుడు ఒక్కొక్కటే వేలికి తగిలి, తెలిసినవాళ్ళు పలకరించినట్టు పలకరించాయి. ఆ నీళ్ళలో అట్లాగే చాలాసేపు నిలబడిపోయాడు.

బయటికి వచ్చేసరికి మనసులో ఒక ఉపాయం తయారైంది. తానే వెతికి పట్టుకున్నట్టు చెప్పాలి. "ఒక అనుమానం వచ్చిందమ్మా, పోయి చూసినాను" అనాలి. పగలగొట్టినవాడిగా కాకుండా పట్టుకున్నవాడిగా ఉండిపోవచ్చు. కానీ వెంటనే ఇంకో సంగతి తట్టింది. బండలు బయటికి తీస్తే అంచులు కలిపి చూస్తుంది. నాలుగు వేళ్ళ ఎడం చూస్తుంది. ఉలిదెబ్బను బట్టి చెయ్యి గుర్తుపట్టడం ఆ పిల్లకు నేర్పింది తనే. ఇంటి వెనక తను కొట్టిన కూసాలు వరసగా నిలబడి ఉన్నాయి.

ఇంకొన్నాళ్ళు చూద్దామనుకున్నాడు.

ఆ ఏడు రోడ్డు వెడల్పు చేస్తారని మలుపులో చెట్లకు ఎర్రగుర్తులు పెట్టారు. నాగేశప్ప పరుగున పోయాడు. కొలతలు తీస్తున్న మనిషిని అడిగాడు.

"పని ఎప్పుడప్పా మొదలు?"

"ఈడికి వచ్చేసరికి వచ్చే ఏడాదే. ఆ తట్టు నుంచి కదా వస్తా ఉండాము."

వచ్చే ఏడాదే అన్న మాట పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. వానలు తగ్గినాక చెప్పొచ్చులే. సుమకు ఏదో పరీక్ష ఉందంట, అది అయినాక చెప్పొచ్చులే. మనిషికి వాయిదా వేయడానికి కారణం కావాలంటే రోజుకొకటి దొరుకుతుంది.

వానలు పూర్తిగా తగ్గలేదు. ఒక సోమవారం కెంపమ్మ ఫ్యాక్టరీ నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మలుపులో మోరీ తీసేసినారు."

చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు. కాలవ మీద సిమెంటు పైపులు దింపి ఉన్నాయి. పాతరాళ్ళు ఒక్కటీ లేవు. పైపుల మీద కూర్చుని అన్నం తింటున్న పనివాళ్ళను అడిగితే, వాననీళ్ళు నిలుస్తున్నాయని మోరీల పని ముందుకు జరిపారని, శనివారమే జేసీబీ పెట్టి ఎత్తేశామని, రాళ్ళు టిప్పర్‌లో క్రషర్‌కు పోయాయని చెప్పారు. అందులో ఒకడు "ఏమి తాతా, నీ రాళ్ళా?" అని నవ్వుతూ అడిగాడు.

ఆ సాయంత్రమే సుమకు ఫోన్ చేశాడు. ఫోన్‌లో ఏమీ చెప్పలేక, రమ్మని మాత్రం అన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే వచ్చింది. ఇంట్లోకి పిలవకుండా నేరుగా మలుపు దగ్గరికి తీసుకుపోయాడు.

"ఈడ మోరీ ఉన్నింది కదమ్మా."

"ఊఁ. మనము ఎన్నిసార్లు పోయినాము దీని మీద."

"ఆ మోరీ బండలే నువ్వు వెతికే రాయి."

సుమ ముందు అర్థం కానట్టు చూసింది. తరవాత కాలవ వైపు చూసింది, సిమెంటు పైపుల వైపు చూసింది. "మీకు ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. కొట్టింది నేనే. నేనూ మా నాయనా."

"ఎప్పుడు తెలిసింది మామా మీకు?"

అబద్ధం చెప్పడానికి ఇంకొక్క సందు ఉందక్కడ. నిన్ననే గుర్తొచ్చిందనొచ్చు. ఆ పిల్ల నమ్మేది కూడా. నాగేశప్ప తల దించుకున్నాడు. "అంజనప్ప చేనులో చూసిన దినమే."

సుమ హెల్మెట్ తీసి పైపు మీద పెట్టింది. పక్కనే కూర్చుంది. బస్సు ఒకటి పోయింది, దాని దుమ్ము ఇద్దరి మీదా పడింది. అరుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"రెండేండ్లు మామా," అంది. "రెండేండ్లు నాతో రాళ్ళు తిప్పినారు."

"అవునమ్మా."

"ఏమిటికి?"

"సిగ్గమ్మా," అన్నాడు. ఇంకేమన్నా ఉందేమోనని లోపల వెతుక్కున్నాడు. లేదు. అంత పెద్ద రాయిని మింగింది అంత చిన్న మాట.

క్రషర్ అయిదు మైళ్ళు. ఇద్దరూ స్కూటర్ మీద పోయారు. అక్కడ గుట్టంత ఎత్తున బూడిదరంగు జల్లి పోసి ఉంది, కంకరరాళ్ళు, అంగుళం, అంగుళమున్నర. మేస్త్రీ వాళ్ళను వింతగా చూశాడు. "పాత మోరీ రాళ్ళా? శనివారమే వేసేసినాము కదమ్మా మిషన్‌కు. ఆ కొస ఉండేది అదే అనుకుంటాను."

సుమ ఆ కొసన కూర్చుంది. ఒక్కొక్క రాయి తీసి ఎండకు పట్టి తిప్పి చూసి పక్కన పెట్టసాగింది. నాగేశప్ప కూడా కూర్చున్నాడు. పనివాళ్ళు వచ్చి చూసి పోయారు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎంతో సేపటికి సుమ ఒక ముక్క చేతిలో పట్టుకుని ఆగిపోయింది. దాని మీద ఒక వంపు, నునుపైన గాడి.

"మామా, ఇది చూడండి. 'న' లో కింది భాగం కదా?"

నాగేశప్ప చేతిలోకి తీసుకుని బొటనవేలితో రుద్దాడు. ఇప్పుడైనా అవుననాలని ఎంత అనిపించిందో.

"కాదమ్మా. ఇది అక్షరం కాదు. నా చీల గుంత."

సుమ ఆ రాయి తిరిగి తీసుకోలేదు. చేతులు దులుపుకుని లేచింది.

పదిహేను రోజుల తరవాత ఇంకొక్కసారి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. అరుగు మీద తెల్ల కాగితాలు పరిచి, పెన్సిల్ అతని చేతికిచ్చింది. మోరీ కిందికి దూరి అక్షరాలు తడిమానని ఆ రోజు తిరుగుదారిలో చెప్పాడు కదా, దాన్ని పట్టుకుని వచ్చింది.

"శకవర్ష తరవాత ఏముండాదో గుర్తు తెచ్చుకుని గీయండి మామా. చదవద్దు. మీ వేలికి ఏమి తగిలిందో అది గీయండి."

నాగేశప్ప కళ్ళు మూసుకుని గీశాడు. ఏడు అక్షరాలు వచ్చాయి. సుమ ఆశగా చూసి, నోట్‌బుక్ తిరగేసింది. "ఇది మనము తళి పక్క అచ్చు తీసిన రాయిలోది మామా. అదే పంక్తి, అక్షరం పొల్లుపోకుండా." ఇంకో కాగితం ఇచ్చింది. ఈసారి వేరేది వచ్చింది. అది కూడా ఇంకెక్కడో చూసిందే. మూడోసారి గీసేసరికి అంతకు ముందు గీసిన రెండూ కలిసిపోయాయి. చెమటతో కాగితం తడిసింది. వేలి కొసన ఏదో ఉంది, నిజంగానే ఉంది, కానీ దాన్ని పట్టుకోబోతే రెండేళ్ళలో నేర్చుకున్న అక్షరాలన్నీ తోసుకుంటూ అడ్డం వస్తున్నాయి.

"నాకు తెలిసినవన్నీ వచ్చి ఆడ కూచుంటా ఉండాయమ్మా," అన్నాడు పెన్సిల్ కింద పెట్టేసి. "ఏమీ తెలీనప్పుడు తడిమింటే, తడిమింది తడిమినట్టు గీసుండేవాణ్ణి. నేర్చుకుని చెడిపోయినాను."

కెంపమ్మ రెండు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. సుమ తాగింది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "గైడు సార్ ఆ అధ్యాయం తీసేయమన్నాడు మామా. సంవత్సరం లేకుంటే ఏ వందేండ్లదని చెప్తావు, ఊహలతో థీసిస్ నిలబడదు అన్నాడు," అంది. కోపంగా కాదు. ఊరి కబురు చెప్పినట్టు చెప్పింది.

ఏడాదిన్నరకు ఆమెకు డిగ్రీ వచ్చిందని, ఎక్కడో దూరంగా ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరిందని చిత్ర చెప్పగా విన్నాడు. ఒకసారి సుమే ఫోన్ చేసింది. "బాగుండారా మామా?" అంది. "ఉండానమ్మా" అన్నాడు. కాసేపు ఫోన్‌లో ఆ పక్క ఫ్యాన్ తిరిగే చప్పుడు వినబడింది, అంతే. మళ్ళీ ఫోన్ రాలేదు. అతనూ చేయలేదు.

నాగేశప్ప గుట్టల వైపు పోవడం మానేశాడు. కెంపమ్మ తన గుజ్జు ఫ్యాక్టరీ మేస్త్రీతో మాట్లాడి అక్కడే పండ్ల ట్రేలు కడిగే పని ఇప్పించింది. బ్రష్షుతో ట్రేలు రుద్దుతుంటే అక్కడివాళ్ళు మెచ్చుకునేవారు, నీ చెయ్యి పడితే మరక ఉండదని. అతను తల ఊపి ఇంకో ట్రే అందుకునేవాడు. రాత్రి పూట నిద్రలో కుడిచేతి చూపుడువేలు దుప్పటి మీద ఏదో గీస్తూ ఉండేదని కెంపమ్మ చెప్పేది. ఏమి గీస్తున్నానని అతను అడగలేదు. ఆమెకు చదువు రాదు.

పోయిన ఎండాకాలం ఆదివారం పొద్దున ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, వీపున సంచులు, చేతిలో చుట్టిన కాగితాలు. దుమ్ము కొట్టుకుని ఉన్నారు. నాగేశప్ప అరుగు మీద ఉన్నాడు.

"తాతా, శాసనాల నాగేశప్ప అనే ఆయన ఇల్లు ఇదేనా?" అమ్మాయి అడిగింది.

"ఎవరు పంపించినారమ్మా?"

"మా సుమ మేడం థీసిస్ చదివి వచ్చినాము. దాంట్లో ఆయన పేరు ఉండాది. మొదట్లోనే. ఆయన లేకుంటే ఈ పనే లేదని రాసినారు మేడం."

నాగేశప్ప అరుగు అంచుకు జరిగాడు. "ఇంకేమన్నా రాసిందా ఆయన గురించి?"

"లేదు తాతా. అంతే."

"అంజనప్ప చేనులో ఒక సగం రాయి ఉండాది. దాని గురించి?"

అమ్మాయి ఫోన్ తీసి వేలితో జరిపి, చదివింది. "'కింది భాగం లభించలేదు.' ఒక్క పేరాలో ఉండాది, సంవత్సరం తెలీదని." ఆశ్చర్యంగా తలెత్తింది. "మీకు ఆ రాయి తెలుసా తాతా? మీరేనా ఆయన?"

లభించలేదు. ఎవరు కొట్టారో రాయలేదు, ఎందుకు దొరకలేదో రాయలేదు. అతని మీద జాలితో దాచిందో, తన పుస్తకంలో ఆ సంగతి ఉండటమే ఇష్టం లేక దాచిందో. ఎవరిని అడగాలి? తను అంచు తడిమి చూసి నోరు మూసుకున్నట్టే ఆ పిల్ల కూడా నోరు మూసుకుంది. తన సిగ్గును ఆమె చదువులో కూడా పెట్టేశాడు.

"ఆయన లేడమ్మా," అన్నాడు నాగేశప్ప.

"యాడికి పోయినాడు?"

"లేడు. పోయినాడు."

పిల్లలు మొహాలు చూసుకున్నారు. అబ్బాయి గుట్ట వైపు చూపించాడు. "ఆ బోడిగుట్ట వెనక రాతలుండే బండలేమన్నా ఉండాయా తాతా? మీరు ఈ ఊరోళ్ళే కదా."

ఉంది. గుట్ట వెనక చీలికలో, నిలువెత్తు బండ మీద పదకొండు పంక్తులు. సుమకు కూడా చూపించలేదు, వేసవిలో చూపిద్దామని దాచుకున్నది. ఏ పొద్దున ఎండ పక్కవాటుగా పడి అక్షరాలు లేచి కనబడతాయో కూడా అతనికి తెలుసు.

"ఏమీ లేవు," అన్నాడు. "ఊరికే ఎండలో తిరగవద్దండి. పదకొండున్నరకు కృష్ణగిరి బస్సు ఉండాది, దాంట్లో పోండి."

వాళ్ళు నీళ్ళడిగి తాగి, దండం పెట్టి, బస్సు ఆగే చోటికి నడిచారు. కెంపమ్మ లోపలి నుంచి అంతా వింది. బయటికి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఏమిటికట్ల చెప్పినావు? ఆ పిల్లలు నిన్నేమి చేసినారు?"

"నేను చూపించిన రాయి ఏదీ బాగుపడదు కెంపీ," అన్నాడు.

"ఆ గుట్ట క్వారీకి ఇస్తారని అంటా ఉండారు. అప్పుడు ఎవరు బాగుచేస్తారు దాన్ని?"

నాగేశప్ప వీధి వైపు తిరిగాడు. వీధి చివర పిల్లలిద్దరూ రోడ్డు పక్క నీడలో నిలబడి ఉన్నారు. కేక వేస్తే వినబడే దూరమే. బస్సు వచ్చింది. ఎక్కారు. బస్సు మలుపు తిరిగి, పైపులు వేసిన కొత్త మోరీ మీదుగా పోయింది. అతను ఇంకా అరుగు మీదే ఉన్నాడు, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని.